చెప్పులు కుట్టిన చేతులు

వాక్యపఠనము: అపొస్తలుల కార్యములు 18:1-4, 2 కొరింథీయులకు 12:7-10



మొన్నటి నాట్ల కాలములో మన సంఘములున్న ఒక పల్లెకు వెళ్లియుంటిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరుని యింటికి ప్రార్థనకు పిలిచిరి. ఆయన యిరువది సంవత్సరములు ధాన్యపు బస్తాలు మోసి కుటుంబమును పోషించినవాడు. నడుము దెబ్బతినుటచేత ఇక బరువెత్తరాదని వైద్యులు చెప్పిరి. ఆ దినమున భార్యయు పెద్ద కుమార్తెయు నాట్లకు పోయియుండిరి. ఆయన మాత్రము అరుగుమీద గుంజకు ఆనుకొని కూర్చుండియుండెను. ప్రార్థన మొదలుపెట్టక మునుపే నన్నొక మాట అడిగెను. “అయ్యగారూ, ఆడవాళ్లు కష్టపడి తెచ్చింది తిని కూర్చుంటున్నాను. నా విశ్వాసం చాలకనే రోగం పోలేదని ఒకాయన వచ్చి చెప్పిపోయాడు. పని పోయె, విశ్వాసమూ లేదాయె, ఇక నేను దేవుడికి దేనికి పనికొస్తాను?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ప్రార్థన చేసి వచ్చితిని. ఆ ప్రశ్న మాత్రము నాతోకూడ బస్సెక్కి యింటికి వచ్చెను. ఈ నెల వ్రాయుచున్నది ఆయనకు నేను బాకీపడిన జవాబే. అది నా తెలివిలోనుండి పుట్టినది కాదు. ఒక మనుష్యుని జీవితమునుండి తీసికొన్నది.

ఇంగ్లండు దేశమందు నార్తాంప్టన్‌షైర్ జిల్లాలో పాలర్స్‌పరీ అను పల్లె కలదు. 1761వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన అక్కడ ఒక నేతపనివాని యింట విలియం కేరీ పుట్టెను. తండ్రి తరువాత ఆ పల్లెబడికి పంతులాయెను. పిల్లవానికి చెట్లన్నను, పిట్టలన్నను, పురుగులన్నను మహా యిష్టము. తన గది నిండ వాటినే పోగుచేసికొనెడివాడు. పెద్దవాడై తోటపని చేసికొని బ్రదుకవలెనని అతని ఆశ. అయితే చిన్ననాటనే అతనికొక చర్మవ్యాధి పట్టుకొనెను. ఎండలో పనిచేసిన దినమున ముఖమును చేతులును మండి, రాత్రి నిద్ర పట్టకపోయెడిది. అయినను పండ్రెండవ యేట పొలము పనికి పోయి రెండేండ్లు పట్టుదలగా చేసెను. శరీరము ఓర్వలేదు. తండ్రి ఆలోచించి, ఎండ తగులకుండ నీడపట్టున చేయు పని చూచెను. పిడింగ్టన్ అను గ్రామములో ఒక చెప్పులు కుట్టువాని యొద్ద పని నేర్చుకొనుటకు కొడుకును కుదిర్చెను. అప్పుడతనికి సుమారు పదునాలుగేండ్లు.

ఈ మాట చదువునప్పుడు మన పల్లెలలో కొందరు తల వంచుకొందురేమో. వంచుకొన నక్కరలేదు. మన సంఘములను మొదట నిలిపిన తాతలలో అనేకులు తోళ్లు ఊనినవారు, చెప్పులు కుట్టినవారు, మోటలకు తోలు తొండములు కుట్టినవారు. ఊరి పొలములకు బావినీరు పైకి వచ్చినది వారి కుట్టు గట్టిగా నుండుటవలననే. ఆ నీటితో పండిన గింజలు తినినవారు వారిని ఎట్లు పిలిచిరో మనకు తెలియును. ప్రభువు వారిని వేరు పేరున పిలిచెను.

కేరీ మొదట భక్తుడేమియు కాదు. ఒక క్రిస్మసునాడు అతని యజమానుని లెక్కలో ఏమి జరిగెనో వినుడి. యజమానుని ఖాతాదారులు పండుగ ఈనాములిచ్చుచుండగా, ఒక ఇనుప సామాను వర్తకుడు అతనికి చెల్లని షిల్లింగు ఇచ్చెను. కుఱ్ఱవాడు ఆ చెల్లని నాణెమును యజమానుని డబ్బులో వేసి, మంచి నాణెమును తాను తీసికొనెను. అబద్ధమాడి తప్పించుకొన చూచెను గాని బయటపడెను. వీధిలోనికి వచ్చుటకు సిగ్గుపడి, గుడికి పోవుటకును సిగ్గుపడి, ఆ సిగ్గులోనే తన పాపమును మొదటిసారి నిజముగా చూచెను. అదే అంగడిలో అతని ప్రక్కన కూర్చుండి కుట్టుచున్న జాన్ వార్ అను మరియొక పనివాడు అతనిని ప్రార్థన కూటమునకు తీసికొనిపోయెను. చర్మవ్యాధి లేనియెడల అతడు ఆ అంగడిలో కూర్చుండియుండడు. ఈ మాటను ఇంతకంటె లాగను. దేవుడు పిల్లవాని చర్మమును కాల్చి చెప్పుల అంగడికి తోలెనని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. అతడు తోలబడిన చోటికి దేవుడు అతనికంటె ముందుగా వచ్చియుండెనని మాత్రము చెప్పగలను.

1781లో కేరీ డొరతీ ప్లాకెట్ అను ఆమెను పెండ్లాడెను. పెండ్లి పుస్తకములో సంతకము చేయుట రాక ఆమె గుర్తు పెట్టెను. మొదటి బిడ్డ రెండవ యేట జ్వరముతో చనిపోయెను. ఆ జ్వరమే కేరీకిని వచ్చి, నెలల తరబడి మంచమున పడవేసి, తలవెండ్రుకలు ఊడిపోవునట్లు చేసెను. యిరువది రెండేండ్ల వయస్సుకే పెట్టుడు జుట్టు పెట్టుకొనవలసివచ్చెను. 1783లో అతని యజమానుడు చనిపోగా, అంగడి భారమును ఆ యజమానుని కుటుంబపు భారమును ఇతనిమీద పడెను. ఆ యేడే అక్టోబరు 5వ తేదీన నార్తాంప్టన్ పట్టణమందు నేన్ నదిలో బాప్తిస్మము పొందెను. 1785లో మౌల్టన్ అను పల్లెకు పోయి బడి పెట్టెను. బడివలన కడుపు నిండలేదు. అక్కడి చిన్న సంఘమునకు కాపరియై బోధించెను. సంఘమిచ్చునది కూడ చాలలేదు. గనుక బడియు, ప్రసంగమును, చెప్పులును మూడును కలిపి సంసారమును ఈడ్చెను. కుట్టుపీట ఎదుట గోడకు తాను చేసికొన్న లోకపటము తగిలించుకొని, ఏ దేశములో ఎందరు జనులు, వారి మతమేమి అని దానిమీద వ్రాసికొనుచుండెను. పని చేయుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను.

ఇక్కడ మన మొదటి వాక్యభాగమును చూతము. కొరింథు పట్టణమునకు పౌలు వచ్చినప్పుడు అకుల ప్రిస్కిల్ల అను దంపతుల యింట దిగెను. ఎందుకనగా వారును ఆయనవలెనే డేరాలు కుట్టు వృత్తి గలవారు. ఆ దంపతులు కొరింథులో ఎందుకున్నారు? యూదులందరు రోమా విడిచి పోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించుటచేత. ఇల్లును, అంగడియు, వాడుకదారులును పోయి, సూదియు కత్తియు మాత్రము పట్టుకొని వచ్చినవారు వారు. పౌలు సువార్త ఆ పట్టణములో మొదట కూర్చున్నది సమాజమందిరపు పీఠముమీద కాదు, స్థలము తప్పినవారి పనిబల్ల ప్రక్కన.

1792 మే మాసములో నాటింగ్‌హాంలో కేరీ యెషయా 54వ అధ్యాయముపై ప్రసంగించెను. గుడారపు స్థలమును విశాలము చేయుటను గూర్చిన ఆ మాటలు మీకు తెలియును. అక్టోబరు 2వ తేదీన కెటరింగ్‌లో ఒక చిన్న గదిలో కూడిన కొందరు కాపరులు 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీల చందా వ్రాసి మిషన్ సంఘమును స్థాపించిరి. మరుసటి యేడు జూన్ 13వ తేదీన కేరీ కుటుంబముతో ఓడయెక్కి, నవంబరులో కలకత్తా చేరెను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. మన ప్రసంగములలో కేరీని పొగడి డొరతీని విడిచిపెట్టుట అలవాటైపోయినది. ఆమెకు ఈ దేశము రావలెనని లేదు. ఒడిలో పసిబిడ్డ. ఎంతో బలవంతపెట్టగా, తన చెల్లెలు కూడ వచ్చునట్లయితే వచ్చెదనని ఒప్పుకొనెను. బెంగాలు చేరిన కొద్ది నెలలకే డబ్బు అయిపోయెను. ఆమెకును పెద్దకుమారునికిని విరేచనములు పట్టుకొనెను. సుందరవనముల అంచున పులులు తిరుగు చోట గుడిసె వేసికొని బ్రదుక జూచిరి. 1794లో కేరీకి మాల్డా ప్రాంతమందు మద్నాబతిలో నీలిమందు కర్మాగారము చూచుకొను ఉద్యోగము దొరికెను. జీతము నెలకు 200 రూపాయలు. అక్కడ కేరీ జ్వరముతో చావుదాక పోయి వచ్చెను. అక్టోబరులో అయిదేండ్ల కుమారుడు పీటర్ చనిపోయెను. పరాయి శవమును తాకినయెడల కులము పోవునను భయముచేత గుంట త్రవ్వుటకైనను మనుష్యులు దొరకుట కష్టమాయెను. పరాయి శవమని వెనుదీయు చేతులను మన పల్లెలు కూడ ఎరుగును.

ఆ తరువాత డొరతీ మతి చలించెను. 1807 డిసెంబరు 8వ తేదీన ఆమె చనిపోవువరకు, పండ్రెండేండ్లు, ఆ యింటిలో ఒక గదిలో ఆమె కేకలు, మరియొక గదిలో భర్త వాక్యమును తర్జుమా చేయుచుండుట. ఆ దినములలో మనోవ్యాధికి మందు లేదు. కేరీ ఆమెను విడిచిపెట్టలేదు, నిజమే. అయినను అతని పిలుపునకు ఆమె చెల్లించిన వెల మహా గొప్పది. దానికి నాయొద్ద తీయని వివరణ ఏదియు లేదు. మన యిండ్లలో ఎవరైన పరిచర్యకు బయలుదేరునప్పుడు, వారి భార్యను కూడ కూర్చుండబెట్టి అడుగుడి.

నీలిమందు పనియు నిలువలేదు. వరదలు వచ్చి పైరు పాడై, 1799లో ఆ కర్మాగారము మూయబడెను. దాచుకొన్న కొంచెము సొమ్ముతో కేరీ మరియొక చోట కొన్నదియు పోయెను. ఆరేండ్లు బోధించినను ఒక్క దేశస్థుడు బాప్తిస్మము పొందలేదు. ఉద్యోగము పోయిన తరువాత 1800 జనవరి 10వ తేదీన అతడు డేనుల పాలనలోనున్న శ్రీరాంపూరు చేరెను. అక్కడ మార్ష్‌మన్, వార్డు అనువారు కలిసిరి. మార్ష్‌మన్ బడిపంతులు, వార్డు ముద్రాపకుడు.

మొదటి విశ్వాసి యెట్లు వచ్చెనో వినుడి. కృష్ణ పాల్ అను వడ్రంగి స్నానమునకు పోయి జారిపడి భుజము తప్పించుకొనెను. మిషను వైద్యుడైన జాన్ తామస్ అతనిని చెట్టుకు కట్టి, ఎముకను చోటికి కూర్చెను. నొప్పితో వచ్చినవాడు వాక్యము విని నిలిచిపోయెను. 1800 డిసెంబరు 28వ తేదీన హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. వడ్రంగికి భుజమే కదా జీవనము. భుజము పడిపోయిన దినమున అతడును అరుగుమీద కూర్చుండి, ఇక నేను దేనికి పనికివత్తునని అనుకొనియుండునేమో!

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చుపడెను. ఆ యేడే కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బెంగాలీ నేర్పు ఉపాధ్యాయుడుగా కేరీ నియమింపబడెను. జీతము నెలకు 500 రూపాయలు. దానిలో తన కుటుంబమునకు కొంచెము ఉంచుకొని తక్కినదంతయు మిషను ఖర్చుకే యిచ్చెను. తోటపని, చెప్పులపని, బడి, కాపరిపని, నీలిమందు, ఇప్పుడు కళాశాల. ఎన్ని మార్పులో చూడుడి. వీటిలో కొన్ని మాత్రమే తాను కోరుకొన్నవి. గవర్నర్ జనరల్ యింట ఒకనాటి విందులో ఒక సైన్యాధికారి ఇతనిని చిన్నబుచ్చ దలచి, ఈయన ఒకప్పుడు జోళ్లు చేయువాడు కాడా అని ప్రక్కవానిని వినబడునట్లు అడిగెనట. కేరీ అందుకొని, అంత గొప్పవాడను కాను, పాతజోళ్లు బాగుచేయువాడను మాత్రమే అనెను. ఆ జవాబు నాకెంతో యిష్టము. సిగ్గు తీసివేయబడిన మనుష్యుడు అట్లు మాటలాడును. చెల్లని షిల్లింగునాటి సిగ్గు ఎక్కడికి పోయెనో చూడుడి.

1812 మార్చి 11వ తేదీ రాత్రి శ్రీరాంపూరు అచ్చుకూటము కాలిపోయెను. కాగితము, అచ్చు అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు అన్నియు పోయెను. వాటిలో మన తెలుగు భాషకు వ్రాసిన వ్యాకరణపు ప్రతియు నుండెను. అచ్చు యంత్రములు దక్కెను. బూడిదలో కరగి గడ్డకట్టిన లోహమును ఏరి మరల అక్షరములు పోసిరి. పోయిన ప్రతులను కేరీ మరల మొదటినుండి వ్రాసెను. అప్పటికి వయస్సు యేబది దాటినది. ఆ తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడెను. ఆ అనువాదము చదువుటకు కష్టముగా నుండెను, తరువాతివారు చేసిన అనువాదములే మన చేతులకు వచ్చినవి. మరియు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, తెలుగులో సువార్తలు తర్జుమా చేయుచు అయిదేండ్లలోగా మరణించిన లండన్ మిషన్ దొరలు క్రాన్, దెగ్రాంజి గారలను మరువరాదు. అయినను ఎండ పడని ఒక పల్లెటూరి కుఱ్ఱవాడు చెప్పుల అంగడినుండి వచ్చి, కాలిపోయిన మన అక్షరములను రెండవసారి కూర్చెనని తలంచుకొన్నప్పుడు, బల్లమీదనున్న పరిశుద్ధ గ్రంథమును నేను కొంచెము మెల్లగా తెరచెదను.

ఆ చర్మవ్యాధి గలవాడే నలువది యేండ్లు బెంగాలు ఎండలో ఉండెను. అయితే శరీరము అతనిని వదలిపెట్టలేదు. జ్వరములు పలుమారు వచ్చుచునేయుండెను. 1823 అక్టోబరులో కలకత్తానుండి వచ్చి పడవ దిగుచు పడిపోగా తుంటికి గట్టి దెబ్బ తగిలెను. దానివెనుక జ్వరము వచ్చి బ్రదుకుట కష్టమనిరి. అతడు మంచముననుండగానే దామోదర నది పొంగి, అతడు ఎంతో శ్రమపడి పెంచిన తోటను ముంచివేసెను. నెలల తరబడి చంకకర్రలతో నడిచి, కుంటికాలితోనే మరల మొక్కలు నాటించెను. 1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు శాసనము తర్జుమాకొరకు ఆదివారము ఉదయమున చేతికి రాగా, ప్రసంగము మరియొకరికి అప్పగించి సాయంకాలములోగా దానిని ముగించెను. ఆలస్యమైన ప్రతి గంట ఎవరి ప్రాణమో తీయునని అతనికి తెలియును. అప్పటికి 68 ఏండ్లు.

ఇప్పుడు రెండవ వాక్యభాగము. పౌలు తన శరీరములో ఒక ముల్లున్నదనెను. అది ఏ రోగమో ఆయన చెప్పలేదు. మూడుమారులు వేడుకొనెను. తీసివేయబడలేదు. పౌలునకు విశ్వాసము చాలలేదని ఎవరైన చెప్పగలరా? మిలేతులో త్రోఫిము రోగియైయుండగా పౌలే అతనిని విడిచివచ్చెను. 2 తిమోతి 4:20 చూడుడి. తిమోతికి కడుపునొప్పి తరచుగా వచ్చుచుండెను. 1 తిమోతి 5:23 చూడుడి. పౌలు చేతి రుమాళ్లు రోగులను బాగుచేసిన దినములు కలవు గదా! ఆ పౌలే తన సొంత జతపనివారిలో ఒకనిని రోగిగా విడిచి, మరియొకనికి పథ్యము చెప్పెను. దేవుడు స్వస్థపరచడని నేను చెప్పుట లేదు. స్వస్థత లభించని సహోదరుని యింటికి పోయి, ఉన్న గాయముమీద మరియొక గాయము చేయరాదని చెప్పుచున్నాను. అట్టి మాట అని వచ్చినవారు ఈ పత్రిక చదువుచున్నయెడల, మరల ఆ గడప ఎక్కి క్షమాపణ అడుగుడి. చేతులూపుకొని పోకుడి, కొంచెము బియ్యము కూడ తీసికొనిపొండి.

పౌలునకు దొరికినది ముల్లు పోవుట కాదు, ముల్లుతో బ్రదుకుటకు చాలినంత కృప. కేరీకిని అంతే. తన చరిత్ర వ్రాయుదురేమో, తనను ఓపికగా అడుగు తరువాత అడుగు వేయువాడనినయెడల చాలును, అంతకు మించినదంతయు ఎక్కువే అని అతడు తన తమ్ముని కొడుకుతో చెప్పెను.

1834 జూన్ 9వ తేదీన శ్రీరాంపూరులో అతడు మరణించెను. కడపటి దినములలో నడువలేకపోగా, చక్రములున్న పలకమీద కుర్చీ పెట్టి తోటలోనికి లాగికొనిపోయెడివారు. పిల్లతనమున ఎండ అతనికి కాకుండచేసిన తోటపని, ముసలితనమున మరల అతని చేతికి వచ్చియుండెను. తాను పోయిన తరువాత మార్ష్‌మన్ ఆవులను తోటలోనికి విడిచిపెట్టునేమో అని అతనికి మహా దిగులు.

ఈ వ్యాసము ముగించక మునుపు మరల ఆ పల్లెకు పోయి, ఇదంతయు ఆ సహోదరునికి చెప్పితిని. చాలసేపు మాటలాడలేదు. డొరతీ సంగతి వచ్చినప్పుడు పొలమువైపు చూచెను. ఆవుల సంగతి చెప్పగా నవ్వెను. పిమ్మట నన్ను మెల్లగా పెరటిలోనికి తీసికొనిపోయెను. రెండు మళ్లలో వంగనారు పోసియుండెను. కూర్చుండియే కలుపు తీయగలననెను. పొరుగువారి మేకలు వచ్చి నారు తినిపోవుచున్నవట. కంప నరుకుటకు తనకు నడుము వంగదు గనుక, మన సంఘపు పిల్లలలో ఇద్దరిని పంపుడని అడిగెను. శనివారమున పంపితిని.